ఉచే అవ్వ బాణం

విండ్‌హుక్, కటుటూరా
మే నెల

మహాఘనత వహించిన పెద్దపేరు గారి పాదపద్మములకు, వాటి పగుళ్ళతో సహా, చిన్నపేరు నమస్కరించి వ్రాయునది.

మనిద్దరి పేరూ కాషేనే కనుక ఈ ఉత్తరం నాకు నేనే రాసుకుంటున్నట్టు లెక్క. కాబట్టి తాతా, అబద్ధాలు తక్కువ ఆడతాను. నేను క్షేమం. నువ్వు ఇంకా బతికే ఉన్నావని తలుస్తాను. ఒకవేళ లేకపోతే బో తన లారీలో ఈ ఉత్తరం తిరిగి తెచ్చి నాకే ఇస్తాడు, కవరు మీద పేరు కూడా మార్చక్కర్లేదు.

ఇక విషయం. నీ ఉమ్మికి మంచిరోజులొచ్చాయి.

నువ్వు రోజూ పొగాకుతో కలిపి బూడిదలో పారబోస్తున్న ఆ అమూల్య పదార్థం కోసం సముద్రం అవతలి నుంచి మన ఊరికి ఒక డాక్టరమ్మ వస్తోంది. పేరు హెడ్విగ్. రోగాలు చూసే డాక్టరు కాదు, నీ మోకాలు ఎత్తి చూపించకు. ఉమ్మిలో మన తాతముత్తాతల ఆనవాళ్ళు ఉంటాయట. దాన్ని యంత్రానికిచ్చి, భూమ్మీద మనుషులందరూ ఎక్కడ మొదలయ్యారో, ఎవరు ఎవర్నుంచి ఎప్పుడు విడిపోయారో చదువుతారు. అలా చదివితే, ఇప్పుడున్న మనుషుల్లో అందరికంటే ముందు విడిపోయిన కొమ్మల్లో మనదొకటని తేలిందట. అంటే మీసాలు రాని నేను కూడా ప్రపంచానికి పెద్దన్నయ్యనే. నిన్న సాయంత్రం సంతలో మాంసం కాల్చే ఆవిడతో ఈ సంగతి చెప్పి ఒక ముక్క ఎక్కువ వెయ్యమన్నాను. ‘పెద్దన్నయ్యవైతే తమ్ముళ్ళకి పెట్టి నువ్వు తిను’ అంది.

రెండోది నీ నాలుక. మనం నాలుకతో కొట్టే చప్పుళ్ళు మనుషుల మొట్టమొదటి భాషలోంచి మిగిలినవేమోనని డాక్టరమ్మ అనుమానం. అందుకని మీ అందరి మాటలూ పట్టుకుని రికార్డు చేస్తుంది. ఆ రికార్డింగులు విని కాగితం మీద పెట్టాల్సింది నేను. భాషాశాస్త్రం చదువుతూ మన మాట వచ్చినవాడు ఈ యూనివర్సిటీలో నేనొక్కణ్ణే మరి. పని బాగా చేస్తే వచ్చే ఏడాది తన యూనివర్సిటీలో పైచదువుకి సీటిస్తానంది. ప్రయాణం, గది, తిండి, అన్నీ వాళ్ళవే.

తాతా, మన భాష గురించి పుస్తకాలు రాసినవాళ్ళందరూ మన భాష నేర్చుకున్నవాళ్ళే. అమ్మ వీపు మీద ఉండగా విన్నవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఆ ఒక్కడూ నేనవ్వాలని నా కోరిక. ఈ వాక్యంలో తమాషా లేదు, వెతక్కు.

వాళ్ళొచ్చేసరికి నాకు పరీక్షలు. నేను రాలేను. వాళ్ళ కుర్రాడు యోహాన్‌కి ఆఫ్రికాన్స్ భాష వచ్చు, నీకూ వచ్చు. నువ్వే మన నోరువి. నలుగురికీ చెప్పి ఉమ్మించు.

నీ గౌరవనీయుడైన అర్ధభాగం,
చిన్నపేరు


నోమాషే
జూన్

ఒరేయ్ చిన్నపేరూ, నా పేరు వేసుకుని అరగదీస్తున్న వెధవా,

నీ ఉత్తరం మంట దగ్గర పైకి చదివాను. ముసలితనంలో బడికెళ్ళి నేర్చుకున్న అక్షరాలు కదా, మెల్లిగానే చదివాను. వేట ఎంత బలిసినదైనా చిక్కిందనే అనాలి కదా మన దగ్గర, అందరూ నీ వార్త విని పెదవి విరిచారు. ఇంత బక్క వార్త మోసుకురావడానికి బో అంత డీజిలు తగలబెట్టాడా అన్నారు. దాబే అయితే, ‘మనం అందరికంటే ముందా? నీళ్ళ ట్యాంకు దగ్గర ఏనుగుల తరవాత కదా మన వంతు?’ అన్నాడు.

నాకో అనుమానం, నీ చదువుతో తీర్చు. ఇద్దరు నడుస్తూ నడుస్తూ దారి చీలిన చోట విడిపోయారనుకో. ఒకడు ముందు విడిపోయాడు, ఇంకొకడు తరవాత విడిపోయాడు అని ఎలా చెబుతారురా? ఇద్దరూ ఒకేసారి కదా విడిపోతారు? వాళ్ళు వెళ్ళిపోయాక మేం ఇక్కడే నిలబడి, ఒంటికి పోసుకుంటూ, వాళ్ళెప్పుడొస్తారా అని చూస్తున్నామనుకుంటున్నారా? మేమూ నడుస్తూనే ఉన్నాం. భాషంటావా, మా తాత మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. నీవి పావు అర్థమవుతాయి. మొదటి భాషట.

కానీ సీటు సంగతి రెండుసార్లు చదివాను. రెండోసారి మనసులో చదువుకున్నాను. నువ్వు తమాషా లేదని రాసినచోట నిజంగానే లేదు. అందుకని వాళ్ళని రానిస్తాం.

ముసలి ఉచే మాత్రం బాణానికి నరం చుడుతూ కూర్చుంది. ఆవిడ చూపు ఆనక ఎంత కాలమైందో, అయినా వేళ్ళు తప్పవు. ఎప్పుడూ వేటకెళ్ళలేదు, కానీ ఊళ్ళో సగం బాణాలు ఆవిడవే. అంతా అయ్యాక అడిగింది, ‘ఆ పిల్ల వేటకొస్తోంది సరే. ఎవరి బాణంతో?’ అని.

నువ్వు సంతలో కాల్చిన మాంసం కొనుక్కు తింటున్నావు కాబట్టి గుర్తుచేస్తున్నాను. జింకని పడగొట్టినవాడిది కాదు మాంసం. బాణం ఎవరిదో వాళ్ళది. ఎవరికి ఏ ముక్క అన్నది వాళ్ళు చెప్పాలి.

బాగా చదువు. నీకు రాని పాఠం నా పేరుకి మచ్చ.
పెద్దపేరు


విండ్‌హుక్
జూన్, పరీక్షల నడుమ

తాతా, కాళ్ళు పట్టుకుంటున్నాను (పగుళ్ళు లేనిచోట),

ఒక్క మనవి. డాక్టరమ్మ దగ్గర వేషాలెయ్యకు. క్రితంసారి టీవీవాళ్ళొస్తే, చీమలు కుట్టినవాడిలా గెంతి దాన్ని వానని పిలిచే నాట్యం అన్నావు. అది ఇప్పటికీ చూపిస్తున్నారు. మా మాస్టారు క్లాసులో పెట్టి, ‘ఈ అడుగుల లోతు చూడండి’ అన్నాడు. నేను లోతుగా తల దించుకున్నాను.

ఉచే అవ్వకి కూడా చెప్పు, ఇది జింక కాదు, శాస్త్రం. మధ్యలో బాణాలు తేవద్దను. ఏం జరిగినా నా సీటు మీదికి రాకుండా చూడు. నాకు నిద్ర పట్టడం లేదు. పట్టినప్పుడు నువ్వు గెంతుతూ కనబడుతున్నావు.

చిన్నపేరు


నోమాషే
జూలై, గడ్డకట్టే చలి

ఒరేయ్,

వచ్చారు, ఉమ్మించుకున్నారు, వెళ్ళారు. నేను గెంతలేదు. మోకాలు సహకరించలేదు, అది వేరే సంగతి.

డాక్టరమ్మ మంచిదే. పొడుగు మనిషి, ఎండకి ముక్కు ఎర్రగా ఊడిపోతోంది. టీలో పంచదార మనలాగే వేసుకుంటుంది, అందుకని పిల్లలకి నచ్చింది. యోహాన్ కాగితాలు పరిచి ఎవరికెవరు ఏమవుతారో గీతలు గీశాడు. ముందు దాబేని కూర్చోబెట్టారు.

‘మీ నాన్న ఎవరు?’ అన్నాడు.

దాబే చెయ్యెత్తి చూపించాడు. ‘అడుగో మా నాన్న. ఇసక తింటున్నాడు. తిననివ్వండి, కాసేపట్లో ఆయనే మానేస్తాడు.’

నువ్వెరుగుదువు కదా, మనవడికి దాబే తన నాన్న పేరే పెట్టాడు. పేరు నాన్నదైతే పిలుపూ నాన్నే. యోహాన్ కలం ఆగిపోయింది.

‘అది కాదు, మిమ్మల్ని కన్న నాన్న?’

‘ఆయన పోయాడు. ఈయన బాగానే ఉన్నాడు కదా, ఈయన్ని రాసుకో.’

తరవాత నన్ను అడిగాడు. విండ్‌హుక్‌లో ఒక కాషే ఉన్నాడు, వాడూ నేనే అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం చుట్టేసి, ‘మీరు మీ పద్ధతిలో చెప్పండి, నేను మెల్లిగా తెలుసుకుంటాను’ అంది. అప్పుడు నాకూ కాస్త నచ్చింది.

గాజు గొట్టాలు బయటికి తీస్తుండగా ఉచే లేచింది. నువ్వు వద్దన్నావని చెప్పాను, అబద్ధం ఎందుకు, సరిగ్గా చెప్పాను. ‘నా బాణానికి వాడి సెలవు కావాలా?’ అంది. విషం పుయ్యని బాణం ఒకటి తీసుకుని డాక్టరమ్మ ముందుకెళ్ళి నిలబడింది.

‘ఎంత బాగుందో! నాకేనా?’ అంది ఆవిడ.

నేను చెప్పాను, ‘నీకు కాదమ్మా. నువ్వు వేటకెళ్తున్నావు. ఈ బాణంతో వెళ్ళు. నువ్వేం పడగొట్టినా ముందు ఈవిడ దగ్గరికి తేవాలి. ఏ ముక్క ఎవరికో ఈవిడ చెబుతుంది. నీకూ వస్తుందిలే, వేటగాణ్ణి పస్తు పడుకోబెట్టిన ఊరు కాదు ఇది.’

యోహాన్ అంతా వాళ్ళ మాటలో చెప్పాడు. డాక్టరమ్మ నవ్వుతూ గుండె మీద చెయ్యేసుకుని, ‘తప్పకుండా. మాటిస్తున్నాను’ అంది.

‘నవ్వొద్దను. అర్థమైతేనే పుచ్చుకోమను’ అంది ఉచే.

నవ్వు ఆపింది. యోహాన్‌తో మళ్ళీ చెప్పించుకుంది. అప్పుడు రెండు చేతులా పుచ్చుకుంది. పుచ్చుకున్నాక అందరం ఉమ్మాం. దాబేకి ఉమ్మి రాకపోతే మాంసం తలుచుకోమన్నారు, గొట్టం పొంగింది.

ఇదీ జరిగింది. రికార్డులో కూడా ఉంటుంది, విను. మధ్యలో ఎవరో నిన్ను గాడిదకొడుకని తిడతారు. అది నా గొంతులా ఉంటుంది కానీ నేను కాదు.

పెద్దపేరు


విండ్‌హుక్
సెప్టెంబరు

ప్రియమైన తాతకి,

నేను క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. రికార్డింగులు రాయడం పూర్తయింది. డాక్టర్ హెడ్విగ్ గారు నా పనిని మెచ్చుకున్నారు. నవంబరులో కేప్‌టౌన్‌లో పెద్ద సభ ఉంది. చాలా దేశాల నుంచి శాస్త్రవేత్తలు వస్తారు. మన ఫలితాలు వాళ్ళకి చదివి వినిపిస్తారు. నన్ను కూడా రమ్మన్నారు. వేదిక మీద మన మాటల్లో కొన్ని పలికి వినిపించాలి. సీటు ఇస్తున్నట్టు ఉత్తరం కూడా వచ్చింది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఉచే అవ్వని అడిగానని చెప్పు.

కాషే


నోమాషే
అక్టోబరు, వాన లేదు

చిన్నపేరూ,

నీ ఉత్తరం మూడు వేళ్ళతో పట్టుకుని వాసన చూశాను. నువ్వు రాసినదేనా అని. తిట్టు లేదు, పగుళ్ళు లేవు, ‘ప్రియమైన తాత’ ఉంది. నేనేమన్నా పోయానా? నువ్వు పుట్టినప్పట్నుంచీ తమాషా లేకుండా నాతో మాట్లాడింది ఒళ్ళు కాలిన జ్వరంలో ఒక్కసారి.

పైకి చదివాను. చదవగానే ఉచే ఒకటే అడిగింది, ‘ఆ సభ ముందా, మనం ముందా?’ అని. నీ ఉత్తరం తిరగేసి కూడా చూశాను. జవాబు లేదు. లేకపోవడమే జవాబని అందరికీ తెలిసింది. దాబే నీ మీద జోకు వెయ్యబోయి మానేశాడు.

నీకు చెప్పని సంగతొకటి ఉంది. నా చిన్నప్పుడు కొందరు తెల్లవాళ్ళు లారీలో వచ్చారు. తలల చుట్టూ టేపు పెట్టి కొలిచారు. మా అమ్మని నేల మీద పడుకోబెట్టి, ముక్కులో గొట్టాలు పెట్టి, మొహం నిండా తెల్లటి ముద్ద వేశారు. ఆరేదాకా కదలొద్దన్నారు. నేను ఏడుస్తుంటే నా చేతిలో పంచదార పోశారు. నాకాను, ఏడుపు ఆగిపోయింది. ఆరాక మా అమ్మ మొహాన్ని ఊడదీసి, గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టుకుపోయారు. అది ఎక్కడుందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఎక్కడో అద్దాల వెనక ఉండి ఉంటుంది. కళ్ళు మూసుకునే ఉంటుంది. ముద్ద వేసేటప్పుడు మూసుకోమన్నారు కదా.

వాళ్ళు కూడా మంచివాళ్ళేరా. పంచదార బాగా పోశారు.

సీటు వదులుకోమని నేను అనను. మన దగ్గర ఒకడు ఇంకొకడికి ఆజ్ఞ వేసే అలవాటు లేదు, నాకూ ఈ వయసులో కొత్త అలవాట్లొద్దు. నువ్వెళ్ళి ఆ చదువు చదివితే అందరికంటే ముందు ఎగిరేది నేనే, మోకాలు ఊడినా సరే. కానీ ఆ వేదిక మీదికి నువ్వు పట్టుకెళ్ళేది నీ నోరొక్కటే కాదు. మాంసం వాళ్ళు కోస్తుంటే నువ్వు పక్కన నిలబడి ఉంటావు. అది తెలిసి వెళ్ళు.

పెద్దపేరు


కేప్‌టౌన్, హోటలు గది
నవంబరు

పెద్దపేరూ, ముసలి నక్కా, నా నిద్ర దొంగిలించినవాడా,

కూర్చుని చదువు. దాబేని కూడా కూర్చోబెట్టు.

ముందు హాలు సంగతి. నోమాషే మొత్తం, ఏనుగులతో సహా, ఒక మూలలో పడుతుంది. గుమ్మం దగ్గర మనిషంత బొమ్మ పెట్టారు. దాని మీద ‘మానవజాతి తొలి గొంతు’ అని రాశారు. బొమ్మ ఎవరిదనుకున్నావు? నీదే. నోరు తెరిచి ఉంది. ఆ ఫొటో తీసినప్పుడు నువ్వు ఆవలిస్తున్నావని యోహాన్ చెప్పాడు.

పొద్దున్నే నిర్వాహకుడొకడు నా గదికొచ్చాడు. టై కట్టుకున్నవాడు, చాలా మర్యాదస్తుడు. చేతిలో సంచి.

‘వేదిక మీదికి మీ సంప్రదాయంగా చర్మం కట్టుకుని వస్తే బాగుంటుంది’ అన్నాడు.

‘నా చర్మం నేను వేసుకునే వచ్చానండీ. పైన చొక్కా కూడా ఉంది, ఇస్త్రీ చేశాను’ అన్నాను.

సంచి పట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటికింకా నేనేం చెయ్యాలనుకోలేదు, నిజం. సీటు కాగితం జేబులోనే ఉంది. మీ అమ్మ సంగతి నువ్వు రాసిన ఉత్తరం కూడా ఆ జేబులోనే ఉంది. రెండూ ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నాయి.

కార్యక్రమంలో ముందు నేను, నా తరవాత డాక్టరమ్మ. నేను నాలుక చప్పుళ్ళు వినిపిస్తే ఆవిడ లేచి మన ఉమ్మిలో ఏం దొరికిందో చెబుతుంది. అధ్యక్షుడు నన్ను పరిచయం చేస్తూ, ‘వేల తరాలుగా మారని భాష’ అన్నాడు. నువ్వు గుర్తొచ్చావు. మీ తాత మాటలు నీకు సగమే అర్థమయ్యేవని, నావి పావేనని రాశావు కదా. నవ్వొచ్చింది. మైకులో నవ్వాను.

తరవాత మాట్లాడాను తాతా. ఏదో నాలుగు మాటలు పలకమంటే, మొత్తం మాట్లాడాను. మన భాషలో, ఊళ్ళో మంట దగ్గర ఎలా మాట్లాడతామో అలాగే, ఎవరినీ వదలకుండా. ఉచే అవ్వ బాణం ఇచ్చిందని చెప్పాను. డాక్టరమ్మ దాన్ని రెండు చేతులా పుచ్చుకుందని చెప్పాను. బాణం యజమాని అక్కడ ఎండలో కూర్చుని ఎదురుచూస్తుంటే మీరిక్కడ కత్తులు నూరుతున్నారని చెప్పాను. గుమ్మంలో ఉన్న ముసలాయన ఆవలిస్తున్నాడని కూడా చెప్పాను. ఒక్కొక్క చప్పుడికీ ముందువరసలో ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని తలాడించారు. ఆపగానే హాలంతా లేచి చప్పట్లు.

అప్పుడు ఇంగ్లీషులో అడిగాను, ‘అర్థమైందా?’ అని.

నవ్వారు.

‘మిమ్మల్ని తిట్టాను’ అన్నాను. చప్పట్లు ఒక్కసారి ఆగలేదు తాతా, వెనక వరసల్లోంచి ఒకటొకటిగా ఆగాయి. ‘మీకు కావలసింది చప్పుడు, అది విన్నారు. ఆ చప్పుడుకి అర్థం కూడా ఉంటుందని ఎవరికీ అనుమానం రాలేదు. అర్థం కావాలంటే నోమాషే రండి. మా ఇంటి సంగతులు మా ఇంట్లో ముందు చెప్పి, తరవాత ఇక్కడ చెప్పండి. అలా చేస్తామని ఒకరు మాటిచ్చారు. రికార్డులో ఉంది. రాసింది నేనే, స్పష్టంగా వినబడింది.’

అధ్యక్షుడు మైకు ఆపించేశాడు. ఊళ్ళో నలభై ఏళ్ళు ఏనుగుల మీద అరిచిన మనిషి పేరు పెట్టుకున్నవాడికి మైకెందుకు?

‘కాషే, ఇప్పుడు కాదు, ప్లీజ్’ అంది డాక్టరమ్మ కింద నుంచి.

‘మరెప్పుడమ్మా? వండి వడ్డించాకా?’

ఆవిడ వంతు వచ్చింది. వేదికెక్కింది. కంప్యూటరు తెరిచింది. తెర మీద మన ఊరి పేరు పడింది. అది చదివింది. కంప్యూటరు మూసేసి, ‘ఇది చదవడానికి నాకు ఇంకా అనుమతి లేదు. ఉందనుకున్నాను’ అని చెప్పి దిగిపోయింది. ఈసారి చప్పట్లు లేవు. మన కోసం అంతమంది నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

బయట మెట్ల మీద కలిసింది. మొహం బూడిద రంగులో ఉంది.

‘ఆ బాణం నా ఆఫీసులో గోడకి పెట్టుకున్నాను. రోజూ చూస్తాను’ అంది.

‘గోడకి పెడితే వట్టి కర్రేనమ్మా’ అన్నాను.

‘నన్ను విడిగా అడగొచ్చు కదా, కాషే. ముందే చెప్పొచ్చు కదా.’

చెప్పొచ్చు, నిజమే. ముందే చెబితే సీటు పోతుందని భయపడ్డాను. చెప్పకపోయినా పోయింది. ఇందాక నిర్వాహకుడు డాక్టరమ్మ యూనివర్సిటీ తరఫున వచ్చి, సీటు ఇస్తామన్న ఉత్తరాన్ని ‘ప్రస్తుతానికి’ వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. అదే మర్యాద, అదే టై. కాగితం ఇచ్చేశాను. నీ ఉత్తరం కూడా దానికి అంటుకుని వెళ్ళబోతే లాక్కున్నాను.

ఇప్పుడు కిటికీ తెరుచుకుని సముద్రం చూస్తున్నాను. ఇంత నీళ్ళు, ఒక్క ఏనుగూ లేదు. ఏడవడం లేదు. కాసేపటి క్రితం ఏడ్చాను, అది అయిపోయింది. మళ్ళీ ఆ వేదిక ఎక్కించినా అదే మాట్లాడతాను. ఈసారి తిట్లు ఇంకా బాగా ఎంచుకుంటాను.

చిన్నపేరు


నోమాషే
ఫిబ్రవరి, వానలు పడ్డాయి

ఒరేయ్ చిన్నపేరూ,

ఇన్నాళ్ళూ రాయలేదు. దారి బురద, బో లారీ దిగబడింది. నీ కేప్‌టౌన్ ఉత్తరం ఊళ్ళో అరిగిపోయింది, ముక్కలు అతికించి చదువుతున్నాం. దాబే నీలాగా మైకు లేకుండా అరిచి చూపిస్తున్నాడు, నీకంటే బాగా చేస్తున్నాడు.

డాక్టరమ్మ వచ్చింది.

యోహాన్‌ని వెంటబెట్టుకుని, బురదలో నడిచి వచ్చింది. చేతిలో బాణం. గోడ మీంచి తీసి తెచ్చింది. పిల్లలు పంచదార కోసం పరిగెత్తారు కానీ పెద్దవాళ్ళం ఎవరం లేవలేదు. ఆవిడ నేరుగా ఉచే దగ్గరికెళ్ళి, కాగితాల కట్ట ఆవిడ ఒడిలో పెట్టి, ‘వేట తెచ్చాను. ఆలస్యమైంది’ అంది. ఉచే ఆ కట్ట బరువు చేత్తో చూసి, ‘ఇంతేనా? మావాళ్ళందరి ఉమ్మీ పట్టుకుపోయి, ఈ చిక్కిన కుందేలు తెచ్చావా?’ అంది. యోహాన్ చెప్పడానికి భయపడ్డాడు. చెప్పమన్నాను. డాక్టరమ్మ తల ఊపి, ‘అవును, ఎముకలే ఎక్కువ’ అంది. అప్పుడు కూర్చోమన్నాం.

చదివి వినిపించింది. ఒక్కొక్క ముక్కా అయ్యాక ఉచే చెప్పేది. ఇది అందరికీ ఇవ్వొచ్చు. ఇది ఊళ్ళో ఉంటుంది, ఎవరి పిల్లలెవరో బయటివాళ్ళకెందుకు. జబ్బుల సంగతి ముందు త్సుమ్క్వే ఆసుపత్రికి ఇవ్వు. ‘మారని భాష’ అన్నచోట నేను అడ్డుపడ్డాను, ఆవిడ రికార్డింగులు ఆవిడే విందా లేదా అని అడిగాను. కొట్టేసింది. ‘అతి ప్రాచీన మానవులు’ అన్నచోట ఊరంతా అడ్డుపడింది. అది కుక్కలకి వెయ్యమంది ఉచే. డాక్టరమ్మ కలం తీసి అడ్డంగా గీత గీసింది. గీసేటప్పుడు నొప్పి పడింది, చూశాను. ఎంత ఇష్టంగా వండుకుందో ఆ మాట.

నీ సీటు వేరేవాడికి ఇచ్చేశారట. ఆవిడే చెప్పింది, తల దించుకుని. తను వాదించానని, ఓడిపోయానని అంది. నేను ఓదార్చలేదు. నిన్నూ ఓదార్చను. అది పెద్ద నష్టమే, చిన్నదని చెప్పి నిన్ను అవమానించను. కానీ ఈ కాగితాలు మన భాషలో మళ్ళీ రాయాలి, అది నువ్వు రాయాలి, అచ్చులో నీ పేరు ఆవిడ పేరు పక్కన ఉండాలి, అని ఉచే అంది. డాక్టరమ్మ ఒప్పుకుంది. పేరు కాషే అనే పడుతుంది. సగం నాది. నువ్వు సముద్రం దాటి కూర్చుని రాయాలనుకున్న పుస్తకం నోమాషేలో కూర్చుని మొదలుపెడితే అక్షరాలేమన్నా అలుగుతాయా? ఆలోచించు. నేను చెప్పడం లేదు, అడుగుతున్నాను.

అంతా అయ్యాక ఆవిడ కాగితాలు సర్దుకుంటుంటే ఉచే ఆగమంది.

‘మనుషులందరూ ముందు ఈ వైపే ఉండేవారని రాశావు కదా. మీవాళ్ళు ఇక్కణ్ణుంచే వెళ్ళారని.’

‘అవునవ్వా. ఆఫ్రికా నుంచే. చాలా చాలా కాలం కిందట.’

‘వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళారా?’

యోహాన్ నావైపు చూశాడు. అడిగింది అడిగినట్టు చెప్పమన్నాను. చెప్పాడు.

ఉచే మిగిలిపోయిన ఖాళీ గొట్టం ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ‘ఉమ్ము’ అంది. ఆవిడ తెల్లబోయింది. ‘మావన్నీ చూశావు కదా. మీ సంగతి మేం చూడొద్దా? ఉమ్ము.’

ఉమ్మింది రా. అందరి ముందూ, ముక్కు ఎర్రగా చేసుకుని, నాలుగుసార్లు ప్రయత్నించి. దాబే మాంసం తలుచుకోమన్నాడు. యోహాన్ కూడా ఉమ్మాడు. ఉచే గొట్టాలకి మూతలు బిగించి, తన సంచిలో బాణాల పక్కన పెట్టుకుంది. కాళ్ళు చాపుకుని చెట్టుకి ఆనుకుంది. ఆవిడ అలా చాపుకుందంటే ఇక లేవదని మనకి తెలుసు, డాక్టరమ్మకి తెలియదు. టీ పెట్టారు. పిల్లలు చుట్టూ చేరారు.

‘ఇక చెప్పు’ అంది ఉచే. ‘మేం ఈ చుట్టుపక్కలే ఉన్నాం. మూసుకోడానికి మా ఇళ్ళకి తలుపులు కూడా లేవు. మీరే కదా వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఏమైపోయారు?’

పెద్దపేరు